డాక్టరమ్మా, మీ పాపని ఎవరు చూసుకుంటున్నారు?

కాన్పు అయి మళ్లీ డ్యూటీలో చేరినప్పటి నుంచి ఓపీలో నేను అడిగే ప్రశ్నల కన్నా నన్ను అడిగే ప్రశ్నలే ఎక్కువయ్యాయి. "మీకు ఆపరేషనా అండీ, నార్మలా?" "పాలు సరిపోతున్నాయా?" "పాపని ఎవరు చూసుకుంటున్నారండీ?" "అప్పుడే వచ్చేశారేంటి?" నేను ప్రసూతి డాక్టర్ని. కోనసీమలో ఒక పట్నంలో, ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. ముమ్మిడివరం వైపు లంకల నుంచి, రాజోలు దాటి సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి నా దగ్గరికి వస్తారు. ఎక్కడి నుంచి వచ్చినా, బీపీ చూస్తుండగానో, కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చూస్తుండగానో ఈ ప్రశ్నలు వచ్చేస్తాయి.

వీటికి జవాబు చెప్పొద్దని నా సీనియర్ల సలహా. "సొంత సంగతులు పేషెంట్లకి చెప్పకు. నవ్వి ఊరుకో. మరీ అడిగితే అంతా బాగానే ఉందని చెప్పి పంపెయ్" అంటారు. ఈ సలహాలో న్యాయం లేకపోలేదు. డాక్టరు ఒంటికి జరిగింది అందరి ఒంటికీ జరగాలని లేదు. నాకు కుదిరిన పద్ధతి షుగరు ఉన్న ఇంకో ఆవిడకి కుదరకపోవచ్చు. బయట బెంచీల మీద జనం ఎదురుచూస్తుంటే నా ఇంటి కథ చెబుతూ కూర్చోవడమూ తప్పే. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయినా నేను ఆ సలహా పాటించడం లేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా వైపు డాక్టరు తన గురించి చెప్పుకునే మాటని కూడా వైద్య సలహాగానే తీసుకుంటారు. "ఏం పర్లేదమ్మా, నేను రెండూ చూసుకుంటున్నాగా" అని నేనంటే ఆ మాట ఆటోలో ఆమెతో పాటే ఇంటికెళ్తుంది. సాయంత్రానికి అత్తగారి నోట వినిపిస్తుంది: "ఆ డాక్టరమ్మ అంత పని చేసుకుంటూ పిల్లని పెంచట్లేదా? నీకేం వచ్చింది?" నా ఇంట్లో ఎంతమంది ఆడవాళ్లు కష్టపడితే నేను ఆ కుర్చీలో కూర్చోగలిగానో ఆ అత్తగారికి తెలీదు, నేను చెప్పలేదు కాబట్టి. సగం నిజం చెబితే, ఆ మిగతా సగం తన ఇంట్లో లేని బాలింత మీద అది నిందగా పడుతుంది. అందుకే నా గురించి అడిగినప్పుడు పూర్తి నిజం చెప్పడం నా వైద్యంలో భాగమే అంటాను. ఒక పద్ధతి మాత్రం పెట్టుకున్నాను. ముందు వైద్యం ఏం చెబుతుందో చెబుతాను, తర్వాత నా సంగతి చెబుతాను, ఆ రెండూ ఎక్కడ వేరో చెబుతాను.

అన్నింటికన్నా ఎక్కువగా అడిగేది పాల గురించి.

మా ఊళ్లలో బాలింతని చూడటానికి వచ్చిన ప్రతి మనిషీ గుమ్మంలో కాలు పెడుతూనే అడిగే మాట, "పాలు పడుతున్నాయా?" రెండో రోజుకే "సరిపోవట్లేదేమో, డబ్బా పాలు కలపండి" అంటారు. ఆ పిల్ల అప్పటికే కుట్ల నొప్పితో, నిద్ర లేక, ఏడుపు ఆపుకుంటూ ఉంటుంది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చెంచాల లెక్కలోనే ఉంటాయి. బిడ్డ పొట్ట కూడా అంతే చిన్నది. మొదటి వారంలో బిడ్డ బరువు కాస్త తగ్గడం మామూలే. పుట్టిన బరువులో పది శాతం లోపు తగ్గితే సాధారణంగా కంగారు పడక్కర్లేదు, రెండు వారాలకల్లా మళ్లీ అక్కడికి వచ్చేస్తుంది. అయిదారు రోజులు దాటాక రోజుకి ఆరుసార్లకు తగ్గకుండా పాస్ పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు సరిపోతున్నట్టే. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ఆకలే అనుకుంటే పొరపాటు. బిడ్డ ఎంత చప్పరిస్తే అన్ని పాలు తయారవుతాయి. పోతపాలు ఎక్కువయ్యేకొద్దీ చప్పరించడం తగ్గుతుంది, పాలూ తగ్గుతాయి. అప్పుడు "చూశారా, మేం చెప్పలేదూ, పాలు లేవని" అంటారు. ఇది నేను లెక్కలేనన్ని ఇళ్లలో చూశాను.

ఇక నా సంగతి. డ్యూటీకి రానంత వరకు పాప పూర్తిగా నా పాల మీదే ఉంది. నాలుగో నెల నడుస్తుండగా నేను పనిలోకి వచ్చాను. ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నేనూ రోజూ అదే చెబుతాను. ఇప్పుడు మా పాప పగలు పిండి ఉంచిన పాలు తాగుతుంది. లేబర్ రూమ్‌లో నాకు ఆలస్యమై, ఉంచిన పాలు అయిపోయిన రోజున పోతపాలు తాగుతుంది. రాత్రిళ్లు, తెల్లవారుజామున నా దగ్గరే తాగుతుంది. ఈ మాట ఓపీలో ఇలాగే చెబుతాను. మొదటిసారి చెప్పినప్పుడు అవతల కూర్చున్న అమ్మాయి, కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరు, "హమ్మయ్య" అని గట్టిగా ఊపిరి వదిలింది. ఆమె పాలు ఇవ్వడం పూర్తిగా మానేద్దామనుకుంటోంది. ఆరు నెలల నియమం ఎలాగూ తప్పింది కదా, ఇంక ఎందుకని. ఆమెకి ఆ రోజు కావాల్సింది నియమం కాదు, కుదిరినంత ఇచ్చినా బిడ్డకి మేలేనన్న సంగతి. అది నియమం తప్పిన ఒక తల్లి నోటి నుంచి విన్నప్పుడే నమ్మింది.

ఆ తర్వాత అసలు పని మొదలైంది. పాలు ఎలా పిండాలో, ఎందులో ఉంచాలో మాట్లాడుకున్నాం. గది వేడిలో నాలుగు గంటలకి మించి ఉంచొద్దని, మే నెల ఎండల్లో అంతసేపు కూడా వద్దని, ఫ్రిజ్‌లో తలుపు వైపు కాకుండా లోపలి వైపు పెట్టి ఒక రోజులో వాడెయ్యాలని చెప్పాను. తాగించడానికి సీసా కన్నా మన ఉగ్గుగిన్నె మేలు. కడగడం తేలిక, బిడ్డకి రబ్బరు పీక అలవాటై రొమ్ము వదిలేసే బెడద ఉండదు. మా పాపకి మా అమ్మ పట్టేది ఉగ్గుగిన్నెతోనే. మా అమ్మ మొదట్లో స్నానం కాగానే సాంబ్రాణి పొగ కూడా పట్టబోయింది. పసిపిల్లల ఊపిరితిత్తులకి ఏ పొగా మంచిది కాదని ఆపించాను. నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పొయ్యడం ఉంచుకున్నాం. పాప ఆ పూట హాయిగా నిద్రపోతుంది.

పథ్యం గురించి అడిగితే కూడా ఇంతే, ఏది తిన్నానో ఏది తినలేదో చెబుతాను. వెల్లుల్లి కారం, శొంఠి పొడి అన్నంలో తిన్నాను. పాలు పడతాయని మా వైపు పాలసొర పుట్టు చేసి పెడతారు. సొరచేపలో పాదరసం ఎక్కువ ఉండే అవకాశం ఉంది కాబట్టి నేను వద్దని మెత్తళ్లు వండించుకున్నాను. నీళ్లు తక్కువ తాగమంటే మాత్రం ఎవరి మాటా వినలేదు. బాలింత నీళ్లు తాగితే పొట్ట లోపలికి పోదన్నది పట్టుకుని, మా తేమ ఎండల్లో పాలిచ్చే తల్లిని దాహంతో ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దాహం వేసినప్పుడల్లా తాగమని అత్తగార్ని కూర్చోబెట్టి చెబుతాను. "మీరూ తాగారా అండీ?" అని ఆవిడ అడుగుతుంది. "చెంబులకి చెంబులు తాగానండీ" అంటాను. ఆ జవాబుతో కుదిరిన పని, నేను శాస్త్రం ఎంత చెప్పినా కుదిరేది కాదు.

"ఆపరేషనా, నార్మలా?" అన్న ప్రశ్న వెనక కూడా ఆరా ఒక్కటే ఉండదు, భయం ఉంటుంది. డాక్టర్లు తమకైతే నార్మల్ చేయించుకుని మనకేమో కోత పెడతారన్న అనుమానం జనంలో ఉంది. ఆ అనుమానానికి కారణమూ ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 63 శాతం. మొత్తం జనాభాలో సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అందువల్ల ఇంకా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. ఈ అంకెలు చూసి మా వృత్తిలో ఉన్నవాళ్లం జవాబు చెప్పాలి. ముహూర్తం పెట్టించుకొచ్చి ఫలానా రోజు ఫలానా గంటకి తియ్యమని అడిగే కుటుంబాలూ జవాబు చెప్పాలి. నాకు సిజేరియనే అయింది. నొప్పులు సాగుతుండగా పాప గుండె వేగం పడిపోవడం మొదలైంది, ఆగడానికి వీల్లేకపోయింది. ఆ కారణం మొత్తం చెబుతాను. కారణం చెప్పగలిగిన ఆపరేషన్‌కి సిగ్గుపడక్కర్లేదు. మీకు ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే మీరూ కారణం అడగండి, అడగడం మీ హక్కు అని కూడా చెబుతాను.

ఆడపిల్ల అని తెలిశాక ఇంకో మాట వస్తుంది. "మీరు డాక్టరు కదా, ముందే చూసుకుని ఉంటారు." లేదు. లింగ నిర్ధారణని నిషేధించిన 1994 చట్టంలో డాక్టర్లకి మినహాయింపు లేదు, నేను అడగలేదు, స్కానింగ్ చేసినావిడ చెప్పలేదు. "పర్లేదులెండి, రెండోసారి..." అని ఎవరైనా మొదలుపెడితే అక్కడే ఆపేస్తాను. మా పాప పుట్టినందుకు ఓదార్పు మాటలు నేను తీసుకోను.

ఇక అన్నింటికన్నా బరువైన ప్రశ్న. "పాపని ఎవరు చూసుకుంటున్నారు?"

మా ఆయనా డాక్టరే, ఎముకల డాక్టరు. పాప పుట్టిన వారంలోనే ఓపీకి వెళ్లారు. ఆయన పేషెంట్లు స్వీట్లు అడిగారు, శుభాకాంక్షలు చెప్పారు. పాపని ఎవరు చూసుకుంటున్నారని ఆయన్ని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. ప్రభుత్వ ఉద్యోగి అయితే తండ్రికి 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటులో తండ్రికి ఒక్క రోజైనా ఇచ్చి తీరాలన్న చట్టం లేదు. ఆయన మంచి తండ్రి. రాత్రి పక్కగుడ్డలు మార్చడం, పాప త్రేన్చేదాకా భుజాన వేసుకుని తిరగడం ఆయన పనే. కానీ "మీరెలా చేసుకొస్తున్నారు" అన్న ప్రశ్న ఆయన దాకా రాకపోవడం వల్ల ఆయన డ్యూటీ చార్టులో ఏమీ మారలేదు. నాది మారింది. ఆయనకి ఆలస్యమైతే పని ఒత్తిడి అంటారు, నాకు ఆలస్యమైతే పిల్లని వదిలేసింది అంటారు. అందుకే ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ ఓపీకి వస్తే పాలు తప్ప మిగతావన్నీ భర్త వైపు చూసి చెబుతాను. బిడ్డకి టీకాలు ఎప్పుడో, బాలింత ఐరన్ మాత్ర మింగిందో లేదో గుర్తుపెట్టుకోవాల్సింది ఆయనేనని చెబుతాను.

అసలు జవాబేమిటంటే, మా పాపని మా అమ్మ, ఇంకొకావిడ కలిసి చూసుకుంటున్నారు. ఆ ఇంకొకావిడ గురించి చెప్పకుండా ఈ ప్రశ్నకి జవాబు పూర్తికాదు. ఆవిడది గౌతమి ఒడ్డున ఒక లంక ఊరు. కొన్నేళ్లు కువైట్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని పెంచి వచ్చింది. వెళ్లేటప్పుడు తన చిన్న కొడుక్కి ఇంకా మాటలు సరిగా రాలేదట. వాడిని వాళ్లమ్మ పెంచింది. మా జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు వీధికొకటి కనిపిస్తాయి. కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి ఇంటిపని చేసి, ఆ డబ్బుతో ఇక్కడ స్లాబు వేసి, పిల్లల్ని చదివించిన ఆడవాళ్లు కోనసీమలో, నరసాపురం వైపు ఎంతోమంది. గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి 30 ఏళ్లు నిండితేగానీ మన ప్రభుత్వం ఎమిగ్రేషన్ అనుమతి ఇవ్వదు. మన దగ్గర 30 నిండిన ఆడమనిషి అంటే దాదాపుగా తల్లే. అంటే ఆ దేశాల పిల్లల్ని పెంచడానికి ఇక్కడి నుంచి వెళ్తున్నది ఎక్కువగా తల్లులే, తమ పిల్లల్ని ఇక్కడ వదిలి.

ఆవిడ పాపని ఎత్తుకునే తీరు చూస్తే నాకు ధైర్యం వస్తుంది. ఆ నేర్పు ఎక్కడ, ఏ ధరకి వచ్చిందో తెలుసు కాబట్టి, "ఆయా దొరికింది, అదృష్టం" అని ఒక్క మాటలో తేల్చెయ్యలేను. ఆవిడకి నేనిచ్చే జీతంతో పాటు వారానికో సెలవు, పండక్కి బోనసు, జబ్బు చేస్తే జీతం కోత లేకపోవడం అని ముందే మాట్లాడుకున్నాం. అది దయ కాదు. నా ఆస్పత్రి నాకు ఏం ఇవ్వాలని నేను వాదిస్తున్నానో అదే నేను ఆవిడకి ఇవ్వాలి. లేకపోతే నా వాదనకి విలువ లేదు.

పేషెంట్లకి ఇది చెబితే కొందరు ఇబ్బందిగా చూస్తారు. డాక్టరమ్మ తన కష్టం తానే పడుతోందని వినాలనుకుంటారు. నాట్లకి వెళ్లే ఆవిడ అలా అనుకోదు. గట్టు మీద చెట్టుకి ఉయ్యాల కట్టి, పెద్దపిల్లని కాపలా ఉంచి తాను చేలో దిగిన మనిషికి ఈ లెక్క ముందే తెలుసు. నరసాపురం, పాలకొల్లు వైపు ఊళ్లలో ఒళ్లో పిల్లని పెట్టుకుని లేసు అల్లే ఆడవాళ్లకీ తెలుసు. దారం ఏజెంటు తెచ్చిస్తాడు, అల్లినదానికి లెక్కగట్టి ఇస్తాడు. రోజంతా వేళ్లు ఆడుతూనే ఉంటాయి. అయినా ఊరి లెక్కలో ఆవిడ "ఇంట్లోనే ఉంటుంది". పని చేసే తల్లి అనేది ఈ మధ్య పుట్టిన కొత్త రకం మనిషి అన్నట్టు మాట్లాడేవాళ్లు మా డెల్టాని సరిగా చూడలేదు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు పొలాల్లోకి వచ్చినప్పటి నుంచీ ఇక్కడి నాట్లు పసిపిల్లల తల్లులే వేశారు. వాళ్ల పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారని ఎవరూ అడగలేదు, ఎందుకంటే వాళ్ల కూలీ ఊరికి అవసరం. నన్ను అడుగుతున్నారంటే నా పని మానెయ్యదగినది అని అనుకుంటున్నారు. అక్కడే నాకు వాళ్లతో తగాదా.

"అప్పుడే వచ్చేశారేంటి" అన్నదానికి నా జవాబు డబ్బు. అలా చెబితే కొందరు నొచ్చుకుంటారు. సేవ అనో, పేషెంట్ల మీద ప్రేమ అనో వినాలని ఉంటుంది. ఆ ప్రేమ ఉంది. కానీ 26 వారాలు జీతంతో సెలవు దొరికి ఉంటే 26 వారాలూ ఇంట్లో ఉండేదాన్ని. 2017 చట్ట సవరణ 12 వారాల ప్రసూతి సెలవుని మొదటి ఇద్దరు బిడ్డలకి 26 వారాలు చేసింది. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల్ని ఉంచే క్రెష్ ఉండాలని, తల్లి రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చని కూడా చెప్పింది. అంతకుముందు నుంచే, బిడ్డకి 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకి రెండు విరామాలు ఇవ్వాలని చట్టంలో ఉంది. మరి నాకెందుకు దొరకలేదు? చిన్న ప్రైవేటు ఆస్పత్రుల్లో చాలామంది డాక్టర్లు కాగితాల మీద ఉద్యోగులు కారు, కన్సల్టెంట్లు. వాళ్లకిచ్చేది జీతం కాదు, ప్రొఫెషనల్ ఫీజు. పది శాతం టీడీఎస్ పన్ను కోసి చేతికిస్తారు. పని చేసిన నెలకి డబ్బు, చెయ్యని నెలకి లేదు. పొద్దున్న ఎన్నింటికి రావాలో, రాత్రి ఎవరు ఉండాలో ఆస్పత్రే నిర్ణయిస్తుంది, సెలవు దగ్గరకొచ్చేసరికి మాత్రం మేం బయటివాళ్లం అవుతాం. పీజీ చదువు అప్పు, ఇంటి ఈఎంఐ మాత్రం ఆగవు.

కాంట్రాక్టు అన్న మాట అడ్డం పెట్టి తల్లికి సెలవు ఎగ్గొట్టకూడదని సుప్రీం కోర్టు ఒక డాక్టరు కేసులోనే చెప్పింది. ఢిల్లీలో కాంట్రాక్టు మీద సీనియర్ రెసిడెంట్‌గా చేసిన డాక్టర్ కవితా యాదవ్ 2017 జూన్ 1 నుంచి ప్రసూతి సెలవు అడిగారు. ఆమె కాంట్రాక్టు అదే నెల ముగుస్తోంది కాబట్టి 11 రోజులే ఇస్తామన్నారు. ఆమె ట్రిబ్యునల్‌కి వెళ్లారు, హైకోర్టుకి వెళ్లారు, సుప్రీం కోర్టుకి వెళ్లారు. 2023 ఆగస్టు 17న తీర్పు వచ్చింది. కాంట్రాక్టు గడువు ముగిసినా చట్టం చెప్పిన ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని. ఆరేళ్లు పట్టింది. ఆమె బిడ్డ అప్పటికి బడికి వెళ్లే వయసు. అంత పోరాటం అందరి వల్లా కాదు, నిజమే. కానీ సెలవు అడగడం అత్యాశ అనుకునే ప్రతి జూనియర్ డాక్టరుకీ నేను ఈ తీర్పు గురించి చెబుతాను.

ఆస్పత్రి యజమానుల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది, దాన్ని కొట్టిపారెయ్యను. 26 వారాల జీతం మొత్తం యజమానే భరించాలి. పదిహేను పడకల ఆస్పత్రిలో ఉన్న ఒక్క గైనకాలజిస్టు ఆరు నెలలు సెలవు పెడితే ఆమెకీ ఇవ్వాలి, ఆమె బదులు వచ్చినవాళ్లకీ ఇవ్వాలి. అందుకే ఇంటర్వ్యూలో "పెళ్లయిందా? పిల్లలు ఎప్పుడనుకుంటున్నారు?" అని అడుగుతారు. అడగడం తప్పు, కానీ ఆ భయం కల్పన కాదు. నెలకి 21,000 రూపాయల లోపు జీతం ఉండి, ఉద్యోగుల బీమా పథకం ఈఎస్‌ఐలో ఉన్న మా స్టాఫ్ నర్సులకి ఆ 26 వారాల డబ్బూ ఈఎస్‌ఐ ఇస్తుంది. యజమాని మీద భారం పడదు, కాబట్టి ఆ నర్సుని ఉద్యోగంలోకి తీసుకోవడానికి ఎవరూ వెనకాడక్కర్లేదు. అదే పద్ధతి జీతంతో సంబంధం లేకుండా అందరికీ విస్తరించాలి. యజమాని, ఉద్యోగి, ప్రభుత్వం కలిసి కట్టే నిధి నుంచి ప్రసూతి సెలవు జీతం రావాలి. మా ఇంట్లో పనిచేసే ఆవిడ లాంటి వాళ్లకి ఇప్పుడు ఉన్నది కేంద్ర ప్రభుత్వ మాతృ వందన యోజన కింద మొదటి బిడ్డకి ఇచ్చే 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000. ఆ నిధి వాళ్ల దాకా వెళ్లకపోతే నేను డాక్టర్ల కోసం అడిగినదానికి అర్థం లేదు.

ఇంకో ప్రశ్న ఉంది. అది ఎప్పుడూ తలుపు దగ్గర అడుగుతారు. చీటీ తీసుకుని, అత్తగార్ని ముందు బయటికి పంపి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "మీకు కూడా ఏడుపొచ్చేదా అండీ?"

వచ్చేది. కాన్పైన మూడో రోజు నుంచి, కారణం లేకుండా. పాప బాగుంది, నేను బాగున్నాను, అయినా కళ్లు ఆగేవి కావు. పది పన్నెండు రోజులకి తగ్గిపోయింది. చాలామంది బాలింతలకి ఇలా అవుతుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్ర లేకపోవడం, నొప్పి అన్నీ కలుస్తాయి. రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డని చూస్తే ఏమీ అనిపించకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకి నిద్ర పట్టకపోతే, బతకాలని లేదనిపిస్తే అది జబ్బు, దానికి వైద్యం ఉంది. మన దేశంలో దాదాపు ఐదుగురు బాలింతల్లో ఒకరికి ఈ జబ్బు వస్తుందని అంచనా. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులు ఉన్నాయి. మా వైపు దీన్ని గాలి సోకిందంటారు, దిష్టి తగిలిందంటారు. తాయెత్తు కట్టించి ఊరుకుంటారు. తాయెత్తు కట్టుకోండి, నేను వద్దనను, కానీ డాక్టర్ దగ్గరికీ రండి అంటాను. ఈ జబ్బుని పసిగట్టడానికి ఎడిన్‌బరో ప్రశ్నావళి అని పది ప్రశ్నలది ఒకటుంది. 1987 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. అందులో ఆఖరి ప్రశ్న, తనకి తాను హాని చేసుకోవాలనిపించిందా అని. ఇప్పుడు టీకాలకి వచ్చిన ప్రతి తల్లినీ ఆ పదీ అడుగుతున్నాను. ఆస్పత్రికి రాలేనివాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీదే రాసిస్తాను. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు.

నేను "అబ్బే, అలాంటిదేం లేదమ్మా" అని ఉంటే ఆ తలుపు దగ్గర నిలబడిన అమ్మాయి ఇంకో మాట మాట్లాడదు. వచ్చేదని చెప్పినందుకు లోపలికి వచ్చి మళ్లీ కూర్చున్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒకావిడకి మందులు మొదలుపెట్టాల్సి వచ్చింది, సైకియాట్రిస్టు దగ్గరికి నేనే ఫోన్ చేసి పంపాను. భర్త మస్కట్‌లో, ఆవిడ పుట్టింటికి వెళ్లే వీలు లేదు. ఇప్పుడు కోలుకుంటోంది. సొంత సంగతులు చెప్పొద్దన్న నా సీనియర్లకి నేను చూపించగల సాక్ష్యం ఆవిడే.

అడిగినవన్నీ చెబుతానని కాదు. ఎంత సంపాదిస్తున్నారు, అత్తగారితో పడుతుందా, మీ ఇద్దరికీ కులం ఒకటేనా లాంటివి అడుగుతారు. అవి ఎవరి ఆరోగ్యానికీ పనికిరావు, జవాబు చెప్పను. రెండో బిడ్డ ఎప్పుడంటే మాత్రం చెబుతాను, ఎందుకంటే అందులో వాళ్లకి కావాల్సిన సమాచారం ఉంది. ఒక కాన్పుకీ తర్వాతి గర్భానికీ మధ్య కనీసం రెండేళ్లు ఉండాలి. సిజేరియన్ అయినవాళ్లకి కుట్టు గట్టిపడటానికి ఇది మరీ ముఖ్యం. పాలిస్తున్నాం కదా, గర్భం రాదని చాలామంది నమ్ముతారు. బిడ్డకి ఆరు నెలలు నిండకుండా, రాత్రీపగలూ పూర్తిగా తల్లిపాలే ఇస్తూ, నెలసరి ఇంకా మొదలుకాకుండా ఉంటేనే ఆ మాట నిజం. మూడింటిలో ఒకటి తప్పినా ఆ నమ్మకం పనికిరాదు. నాకు ఒకటి తప్పింది, పగలు పోతపాలు కలుస్తున్నాయి. అందుకని కాపర్ టీ వేయించుకున్నాను. ఈ ముక్క విన్నాక, కాపర్ టీ అంటే భయపడే ఆడవాళ్లు కూడా కుర్చీ ముందుకు జరుపుకుని వివరాలు అడుగుతారు.

మా ఆస్పత్రి వాళ్లని లిఖితంగా మూడు అడిగాను. పాలు పిండుకోవడానికి లోపల గడియ ఉన్న గది, ఒక చిన్న ఫ్రిజ్. బిడ్డకి ఏడాది నిండేదాకా తల్లులకి వరుసగా రెండు రాత్రులు డ్యూటీ వెయ్యకపోవడం. కన్సల్టెంట్లకి కూడా జీతంతో ప్రసూతి సెలవు. గది ఇచ్చారు. స్టోరు గదిలో సగం ఖాళీ చేసి, కుర్చీ వేసి, ఫ్యాను పెట్టించారు. ఇప్పుడు నాతో పాటు ఇద్దరు నర్సులు, ల్యాబ్ టెక్నీషియను వాడుకుంటున్నారు. రాత్రి డ్యూటీల సంగతి చూస్తామన్నారు, ఇంకా చూడలేదు. సెలవు గురించి జవాబు రాలేదు. నాకైతే ఆ అవసరం దాటిపోయింది, కానీ మా దగ్గర పిల్లల డాక్టరుగా చేరిన అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల. ఈసారి ఆ కాగితం మీద ఇద్దరం సంతకం పెట్టి ఇస్తున్నాం. మా ఆయన్నీ పెట్టమన్నాను, పెడతానన్నారు.